నడుము నొప్పి వెనుక కాలేయం

నడుము నొప్పిని మనవాళ్లు సాధారణంగా రోగాల లెక్కలో వేయరు. ఈ మహానగరానికి తెలుగువారు వచ్చినదే ఒళ్లు వంచి పని చేయడానికి. కామాఠీపురా అన్న పేరులో నేటికీ నిలిచి ఉన్న కామాఠీలు తెలుగు నేల నుండి వచ్చిన నిర్మాణ కూలీలు. వారి తరువాత మిల్లులకు, మరమగ్గాలకు పద్మశాలీలు వచ్చారు. రోడ్ల పనులకు, కట్టడాల పనులకు పాలమూరు కూలీలు వచ్చారు. ఇటువంటి జీవితంలో నడుము పట్టేయడం కూలి డబ్బులతో పాటు ఇంటికి వచ్చేదే. మందుల దుకాణంలో ఒక బిళ్ల, రాత్రికి కాస్త నూనె మర్దన, ఆదివారం నాడు విశ్రాంతి. వైద్యం అక్కడితో ముగుస్తుంది. చాలా సందర్భాలలో అది సరిపోతుంది కూడా.

ఈ వ్యాసం అది సరిపోని కొద్ది సందర్భాల గురించి. రక్తంలో హెపటైటిస్ బి గాని, సి గాని ఏళ్ల తరబడి నిలిచిపోయిన వ్యక్తికి వెన్నులోనో, తుంటిలోనో, పక్కటెముకలోనో నొప్పి మొదలై, వారాలు గడిచినా తగ్గక, రాత్రి పడుకున్నప్పుడు మరింత హెచ్చుతూ ఉంటే, దానికి మూలం చేసిన పనిలో కాక కాలేయంలో ఉండవచ్చు. కాలేయంలో పుట్టిన కాన్సరు ఎముకకు చేరినప్పుడు నొప్పి ఇలాగే మొదలవుతుంది. ఇది తరచుగా జరిగేది కాదు. కాని జరిగినప్పుడు గుర్తించడంలో ఆలస్యమైతే, నడిచి ఆసుపత్రికి వెళ్లవలసిన మనిషిని నలుగురు మోసుకొని వెళ్లవలసి వస్తుంది.

ముందుగా కామెర్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. మన వాడుకలో కామెర్లు ఒక జబ్బు పేరు. వైద్యశాస్త్రంలో అది ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక ఉండే కారణాలు అనేకం. కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే నయమవుతాయి. ఊరికి వెళ్లి పసరు పోయించుకున్నామనీ, వాత వేయించుకున్నామనీ, కామెర్లు దిగిపోయాయనీ చెప్పేవారి అనుభవం అబద్ధం కాదు. అయితే దింపినది పసరు కాదు, రోగి శరీరమే. బి, సి రకాల స్వభావం వేరు. ఇవి రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూదుల ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సంక్రమిస్తాయి. పెద్ద వయసులో హెపటైటిస్ బి సోకితే నూటికి తొంభై అయిదుగురిలో శరీరమే దానిని తరిమివేస్తుంది. పుట్టుకతో సోకిన శిశువులలో మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. సి రకం ఏ వయసులో సోకినా ఎక్కువమందిలో నిలిచిపోయేదే.

అలా నిలిచిపోయినవారిలో అనేకులకు ఒక్కసారి కూడా కళ్లు పచ్చబడవు. ఆకలి ఉంటుంది, పని సాగుతుంది, పెళ్లి అవుతుంది, పిల్లలు పుడతారు. కావున నాకు కామెర్లు ఎన్నడూ రాలేదు అన్న మాట హెపటైటిస్ లేదనడానికి సాక్ష్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షలమంది హెపటైటిస్ బి తోను, 55 లక్షలమంది హెపటైటిస్ సి తోను జీవిస్తున్నారు. వారిలో తమ సంగతి తమకు తెలిసినవారు చాలా కొద్దిమంది.

ఈ వైరస్‌కు కాన్సరుతో ఉన్న సంబంధం ఎంత గట్టిదో తేల్చిన పరిశోధన తైవాన్‌లో జరిగింది. బీస్లీ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 22,707మంది పురుషుల రక్తాన్ని పరీక్షించి, వైరస్ ఉన్నవారిని, లేనివారిని కొన్నేళ్లపాటు గమనిస్తూ వచ్చారు. వారు 1981లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ కాలంలో కాలేయ కాన్సరుతో మరణించినవారు 41మంది. అందులో 40మంది హెపటైటిస్ బి ఉన్నవారే. వైరస్ ఉన్నవారికి కాలేయ కాన్సరు ముప్పు లేనివారి కంటే 223 రెట్లు ఎక్కువని వారు లెక్క కట్టారు. ఒక వ్యాధికి, ఒక కారణానికి మధ్య ఇంత స్పష్టమైన సంబంధం వైద్య చరిత్రలో అరుదు.

వైరస్ నేరుగా ఒక్కరోజులో కాన్సరుగా మారదు. అది కాలేయంలో సన్నని మంటలాగా రాజుకుంటూ ఉంటుంది. కణాలు చస్తూ ఉంటాయి, కొత్త కణాలు పుడుతూ ఉంటాయి, చచ్చినచోట మచ్చ కడుతూ ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లు ఇలా గడిచేసరికి మెత్తగా ఉండవలసిన కాలేయం మచ్చలతో గట్టిపడి గడ్డలు గడ్డలుగా తయారవుతుంది. దీనినే సిర్రోసిస్ అంటారు. అదే పనిగా పుడుతూ ఉండే కణాలలో ఏదో ఒకటి అదుపు తప్పుతుంది. కాన్సరు అక్కడ మొదలవుతుంది. హెపటైటిస్ బి విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఆ వైరస్ తన జన్యు పదార్థాన్ని మన కాలేయ కణపు జన్యు పదార్థంలోనే చొప్పించగలదు. అందువల్ల సిర్రోసిస్ దశకు చేరకుండానే కొందరికి కాన్సరు రావచ్చు. మద్యం ఈ మంటకు ఆజ్యం. బూజు పట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో చేరే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా అంతే. వైరస్, ఈ విషం రెండూ కలిసినచోట ముప్పు ఒకదానికొకటి జోడించినట్లు కాక, హెచ్చవేసినట్లు పెరుగుతుంది. ఊరి నుండి సంచితో తెచ్చుకున్న పల్లీలు వానాకాలంలో ఇరుకు గదిలో చెమ్మ పట్టి రంగు మారితే, పారవేయడానికి మనసు ఒప్పక వేయించి పొడి కొట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.

ఇక కాలేయంలోని కాన్సరు ఎముక దాకా ఎలా వెళ్తుంది? కాలేయం రక్తంతో నిండిన అవయవం. కాన్సరు గడ్డ పెరిగి రక్తనాళాలలోకి చొచ్చుకొనిపోయినప్పుడు కొన్ని కణాలు తెగి రక్త ప్రవాహంలో కలుస్తాయి. వాటికి ఎక్కువగా ఎదురయ్యే మజిలీ ఊపిరితిత్తులు. ఆ తరువాతి స్థానాలు శోషరస గ్రంథులు, ఎముకలు. ఎముకలలోనూ వెన్నుపూసలు, కటి ఎముకలు, పక్కటెముకలు ముందు వరుసలో ఉంటాయి. వెన్నుకే ఇది ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు ఒక జవాబు 1940లో బ్యాట్‌సన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఇచ్చాడు. వెన్నెముక చుట్టూ సన్నని సిరల వల ఒకటి ఉన్నది. కాళ్లలోని సిరలలో రక్తం వెనక్కు మళ్లకుండా కవాటాలుంటాయి. ఈ వలలో అవి లేవు. అందుచేత దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు, ముక్కినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగితే రక్తం ఈ వలలో వెనక్కు కూడా ప్రవహించగలదు.

ముంబయివాసులకు ఇది వివరించడం తేలిక. భారీ వర్షం, సముద్రపు పోటు ఒకేసారి వచ్చిన రోజున ఏమవుతుందో మనకు తెలుసు. కడలిలోకి పోవలసిన నాలాల నీరు పోలేక వెనక్కు తన్ని, మామూలు రోజులలో నీరు చేరని గల్లీలలోకి చేరుతుంది. గట్టిపడిన కాలేయం ఆ పోటువంటిది. పేగుల నుండి వచ్చే రక్తం కాలేయంలోకి సాఫీగా పోలేక పక్కదారులు వెతుక్కుంటుంది. ఆ పక్కదారులలో కొన్ని వెన్ను చుట్టూ ఉన్న సిరల వలతో కలుస్తాయి. కాన్సరు కణాలు ఊపిరితిత్తుల దాకా పోకుండానే వెన్నుపూసలకు చేరడానికి ఈ మార్గం వీలు కల్పిస్తుందని నిపుణుల అభిప్రాయం.

ఎముక రాయివంటి జడ పదార్థం కాదు. దానిని నిత్యం కొద్దికొద్దిగా కరిగించే కణాలు కొన్ని, తిరిగి కట్టే కణాలు కొన్ని పక్కపక్కనే పని చేస్తుంటాయి. ఇంటి మరమ్మతులో పాత గచ్చు తవ్వే కూలీ, కొత్త గచ్చు వేసే మేస్త్రీ లాగా. ఎముకలో స్థిరపడిన కాన్సరు కణాలు తవ్వేవారిని రెచ్చగొడతాయి. కట్టడం వెనుకబడుతుంది. పైగా ఎముక కరిగినప్పుడు అందులో నిల్వ ఉన్న పెరుగుదల పదార్థాలు బయటపడి కాన్సరు కణాలకే ఆహారమవుతాయి. అవి మరింత పెరిగి మరింత తవ్విస్తాయి. కాలేయ కాన్సరు ఎముకను ఎక్కువగా ఇలా కరిగించే రకానికి చెందినదే. తరచు ఎముక గోడను దాటి కండగడ్డగా ఉబ్బుతుంది కూడా. ఆ గడ్డలో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. ఈ చివరి విషయాన్ని గుర్తుంచుకోండి. కాసేపటికి మళ్లీ పని పడుతుంది.

పని వల్ల వచ్చిన నొప్పికి, ఈ నొప్పికి తేడా ఏమిటి? పనినొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది, కదిలితే పెరుగుతుంది, కొన్ని వారాలలో మెరుగుపడుతుంది. ఎముకలోని కాన్సరు నొప్పి రోజురోజుకూ గట్టిపడుతుంది. పడుకున్నా వదలదు, అర్ధరాత్రి నిద్ర లేపుతుంది. ఒకేచోట, వేలుతో చూపగలిగినట్లుగా ఉంటుంది. పక్కటెముక మీదో, పుర్రె మీదో చేతికి తగిలే వాపు ఉండవచ్చు. ఆకలి మందగించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పొట్ట కుడివైపు పైభాగంలో బరువు, పొట్టలో నీరు చేరడం వంటివి తోడైతే అనుమానం బలపడుతుంది. అవేవీ లేకుండా ఎముక నొప్పే కాలేయ కాన్సరుకు మొట్టమొదటి గుర్తుగా బయటపడే సందర్భాలూ ఉన్నాయి. ఏ బరువూ ఎత్తకుండా, చిన్న తూలుకే తొడ ఎముక విరిగితే అది మామూలు విరుపు కాదని గ్రహించాలి.

అన్నింటికంటే తొందరపడవలసిన పరిస్థితి ఒకటి ఉన్నది. వెన్నుపూసలోని గడ్డ లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కినప్పుడు కాళ్లలో బలం తగ్గుతుంది, మెట్లెక్కుతుంటే మోకాళ్లు ఒదిగిపోతాయి, నడుము కింద తిమ్మిరి వ్యాపిస్తుంది, ఛాతీ చుట్టూ గాని పొట్ట చుట్టూ గాని బెల్టు బిగించినట్లు ఉంటుంది, మూత్రం ఆగిపోవడమో, తెలియకుండా జారిపోవడమో జరుగుతుంది. ఇది రేపటికి వాయిదా వేసే విషయం కాదు. అదే రోజు, అది ఏ వేళ అయినా, పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. చికిత్స మొదలయ్యే నాటికి నడవగలిగినవారిలో ఎక్కువమంది ఆ తరువాతా నడవగలుగుతారు. అప్పటికే కాళ్లు పడిపోయినవారిలో తిరిగి నడిచేవారు తక్కువ. ఒక రాత్రి తేడాతో మిగిలిన జీవితం మంచం మీదా, కాళ్ల మీదా అన్నది తేలిపోవచ్చు.

మరొక ప్రమాదం పైకి కనిపించదు. ఎముక కరిగేకొద్దీ కాల్షియం రక్తంలో పేరుకుంటుంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, మత్తు, పొంతన లేని మాటలు దీని గుర్తులు. కాలేయం దెబ్బతిన్నవారిలో మెదడు మందగించడం వేరే కారణంతోనూ వస్తుంది గనుక ఇంట్లోవారు ఇదంతా లివర్ జబ్బులో భాగమే అని సరిపెట్టుకుంటారు. రెండింటికీ చికిత్స వేరు. ఒక చిన్న రక్త పరీక్షతో తేడా తెలుస్తుంది.

ఈ వ్యాధి మన చేతులలోంచి జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది ఎక్స్‌రే. ఎముకలోని ఖనిజంలో మూడో వంతు నుండి సగం దాకా కరిగితే తప్ప మామూలు ఎక్స్‌రేలో తేడా కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది, పనినొప్పే అని ఊరడిల్లినవారు మూడు నెలల తరువాత కాళ్లు లాగుతున్నాయని వస్తారు. హెపటైటిస్ ఉన్నవారిలో నొప్పి తగ్గకపోతే ఎమ్మారై వంటి పరీక్ష అవసరమా అని వైద్యుని అడగడంలో తప్పు లేదు. రెండవది, చెప్పకపోవడం. నడుము నొప్పికి ఎముకల వైద్యుని వద్దకు వెళ్లిన మనిషి, పదేళ్ల క్రితం రక్తదానంలో హెపటైటిస్ బి బయటపడిన సంగతి చెప్పడు. అడిగినా దాచేవారు ఉంటారు. ఆ వైద్యునికి ఎదుట ఉన్నది కేవలం ఒక నడుము. అదే సంగతి తెలిస్తే ఆయన ఆలోచన దారి మారుతుంది. దాచడం వల్ల వచ్చే నష్టం ఆలస్యం ఒక్కటే కాదు. ఈ గడ్డలలో రక్తనాళాలు దట్టంగా ఉంటాయని పైన చెప్పుకున్నాం కదా. మూలం కాలేయమని తెలియకుండా సూది గుచ్చినా, కత్తి పెట్టినా రక్తస్రావం ఆపడం కష్టమవుతుంది. తెలిసి ఉంటే శస్త్రవైద్యులు ముందుగానే ఆ నాళాలను మూసివేసే ఏర్పాటు చేసుకుంటారు.

మూడవది నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సిర్రోసిస్ ఉన్నవారి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అన్నవాహికలో ఉబ్బిన సిరలు, పొట్టలోని పుండ్లు చిట్లి రక్తం కక్కుకొనే పరిస్థితి తేగలవు. పారాసిటమాల్ కాలేయానికి విషమనే భయం చాలామందిలో ఉన్నది గాని, వైద్యుని సలహా మీద రోజుకు రెండు గ్రాములకు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు నాలుగింటికి మించకుండా వాడితే కాలేయ రోగులకు ఈ బిళ్లలకంటే అదే మేలు. ఇక స్టెరాయిడ్లు. ఒక్క సూదితో నడుము తేలికపడిందంటే ఆ సూదిలో ఏమున్నదో అడగాలి. రోగ నిరోధక శక్తిని అణచే ఈ మందులు నిద్రాణమై ఉన్న హెపటైటిస్ బి ని తిరిగి విజృంభింపజేయగలవు. పేరు చెప్పని పొడులలో, కీళ్ల మందులలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కూడా ఉన్నదే. వెన్నుపాము నొక్కుకుపోయినప్పుడు పెద్ద ఆసుపత్రులలోనూ స్టెరాయిడ్ ఇస్తారు; అయితే అక్కడ వైరస్ సంగతి తెలిసి, దానికి తగిన మందు తోడుగా ఇస్తారు.

నాలుగవది మాలిష్. పనినొప్పికి నూనె మర్దన హాయినిస్తుంది. లోపల డొల్లబారిన వెన్నుపూసను మోకాలితో నొక్కి, మెలిపెట్టి సరిచేయబోతే అది కూలిపోవచ్చు. పుత్తూరు కట్టు కట్టించుకుందామని రైలెక్కేవారూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న ఎముక విరిగిన సంగతి వేరు. కాన్సరు తినివేసిన ఎముకను ఏ కట్టూ అతికించలేదు. ప్రయాణంలో, ఎదురుచూపులో పోయిన వారాలు తిరిగిరావు.

నిర్ధారణకు రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్ సి పరీక్షలు, ఆల్ఫా ఫీటో ప్రోటీన్ పరీక్ష, పొట్టకు అల్ట్రాసౌండ్, ఆపైన రంగు మందు ఎక్కించి తీసే సీటీ గాని ఎమ్మారై గాని చేస్తారు. సిర్రోసిస్ ఉన్నవారిలో, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారిలో కాలేయ కాన్సరును చాలా సందర్భాలలో ముక్క తీయకుండా ఆ చిత్రాల ఆధారంగానే నిర్ధారించవచ్చు. ఆల్ఫా ఫీటో ప్రోటీన్ మామూలుగా ఉన్నంత మాత్రాన కాన్సరు లేదని కాదు.

కాన్సరు ఎముకకు చేరిన తరువాత దానిని సమూలంగా తీసివేయడం సాధారణంగా సాధ్యం కాదు. ఈ మాట కుటుంబానికి తెలియడమే మంచిది. లేకపోతే ఉన్న పొలం, పుస్తెలతాడు రెండూ లేని ఆశ మీద ఖర్చయిపోతాయి. కాని నయం కాదన్న మాటకు, చేయడానికి ఏమీ లేదన్న మాటకు చాలా దూరం ఉన్నది. నొప్పి తగ్గించడంలో అన్నింటికంటే ఉపయోగపడేది రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అనేది. నిజానికి అందులో షాకు గాని, కాలడం గాని ఉండదు. బల్ల మీద కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోవడమే. పదిమందిలో ఆరేడుగురికి నొప్పి గణనీయంగా తగ్గుతుంది. ఫలితం తెలియడానికి రెండు నుండి నాలుగు వారాలు పట్టవచ్చు. చిక్కులు లేని ఎముక నొప్పికి ఒకే ఒక్క రోజు ఇచ్చే 8 గ్రే మోతాదు, రెండు వారాలు విడతలుగా ఇచ్చే చికిత్సతో సమానంగా నొప్పిని తగ్గిస్తుందని అనేక పరిశోధనలు తేల్చాయి. కొందరికి తరువాత మరోసారి ఇవ్వవలసి వస్తుంది, అంతే. రోజు కూలి పోగొట్టుకొని డోంబివలి నుండో, భివండీ నుండో పరేల్ దాకా తిరగవలసిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఒక్కరోజు చికిత్స మా రోగికి సరిపోతుందా అని వైద్యులను అడగవచ్చు.

ఎముకను కరిగించే కణాల జోరు తగ్గించే జోలెడ్రోనిక్ ఆసిడ్, డెనోసుమాబ్ వంటి మందులున్నాయి. వాటికి ముందు పళ్లు చూపించుకోవాలి, ఎందుకంటే తరువాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. కాన్సరు మీద పని చేసే మందులలో సొరాఫెనిబ్ మొదటిది, 2007లో కాలేయ కాన్సరుకు అనుమతి పొందింది. అది జీవితాన్ని పొడిగించినది సగటున నెలలలోనే, ఏళ్లలో కాదు. ఈ మందు కథలో మనకు సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయల ఖరీదున్న దానిని తక్కువ వెలకు తయారు చేయడానికి హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ అనుమతి కోరగా, ముంబయిలోని పేటెంట్ల కంట్రోలర్ 2012 మార్చిలో దేశంలోనే మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు మంజూరు చేశారు. వెల నెలకు 9 వేల రూపాయల లోపుకు దిగింది. ఆ తరువాత లెన్వాటినిబ్ వచ్చింది. 2020 నుండి రోగ నిరోధక శక్తిని మేల్కొలిపే సూది మందులూ వాడుకలోకి వచ్చాయి. ఎవరికి ఏది తగునన్నది కాలేయపు మిగిలిన శక్తిని బట్టి ఉంటుంది. కామెర్లు ముదిరి, పొట్టలో నీరు చేరినవారికి ఈ మందులు మేలుకంటే కీడే చేయవచ్చు. ఒకటి మాత్రం మరువరాదు: కాన్సరు వచ్చింది గనుక ఇక హెపటైటిస్ బి బిళ్ల ఎందుకని మానివేయకూడదు. మానితే వైరస్ పైకి లేచి మిగిలిన కాలేయాన్ని కూడా ముంచుతుంది.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఉన్నది. దాని పేరు వినగానే మత్తుమందు అని భయపడడం సరికాదు. ఇటువంటి రోగులకు అందుబాటులో ఉండాలనే 2014లో మన ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. కాలేయం బలహీనంగా ఉన్నవారికి తక్కువ మోతాదుతో, ఎక్కువ విరామంతో ఇస్తారు. మలబద్ధకం రాకుండా విరేచన మందు తప్పనిసరిగా జతచేస్తారు. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉన్నది. బయటి ఊళ్ల నుండి వచ్చే కాన్సరు రోగులకు, వారి వెంట ఉండేవారికి దాదర్‌లోని గాడ్గే మహారాజ్ ధర్మశాల వంటివి తల దాచుకొనే చోటిస్తున్నాయి.

ఇంతదాకా రాకుండా ఆపగల సమయం దీనికి ముందు చాలా ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లు. హెపటైటిస్ సి కి ఇప్పుడు మూడు నెలల బిళ్లలతో నూటికి తొంభై అయిదుమందికి పైగా పూర్తిగా నయమవుతున్నది. హెపటైటిస్ బి ని పూర్తిగా తొలగించే మందు లేకపోయినా, టెనోఫోవిర్, ఎంటెకావిర్ బిళ్లలు దానిని అణచి ఉంచి కాన్సరు ముప్పును తగ్గిస్తాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండు రకాలకూ పరీక్షలు, మందులు ఉచితం. బి ఉన్న ప్రతివారికీ వెంటనే బిళ్ల అవసరం ఉండదు. అవసరం లేదన్నారంటే ఇక రానవసరం లేదని అర్థం కాదు. సిర్రోసిస్ ఉన్న ప్రతి ఒక్కరు, హెపటైటిస్ బి ఉన్నవారిలో నలభై దాటిన పురుషులు, యాభై దాటిన స్త్రీలు, ఇంట్లో ఎవరికైనా కాలేయ కాన్సరు వచ్చినవారు ఆరు నెలలకోసారి పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. సి నయమైనా, అప్పటికే సిర్రోసిస్ ఉన్నవారు ఈ స్కానింగు మానరాదు. ఆరు నెలల లెక్కలో దొరికిన కాన్సరు సాధారణంగా చిన్నది. కోసి తీసివేయడానికో, వేడితో కాల్చివేయడానికో, కాలేయ మార్పిడికో వీలున్నది.

పుట్టే బిడ్డల విషయంలో దారి మరీ సూటిగా ఉన్నది. పుట్టిన 24 గంటలలోగా హెపటైటిస్ బి టీకా, ఆపైన 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ టీకా, అన్నీ ఉచితం. కాన్పుకు ఊరికి వెళ్లినా, ఇక్కడే ఉన్నా మొదటి రోజు టీకా పడిందా లేదా అని కార్డులో చూసుకోవాలి. తల్లికి వైరస్ ఉంటే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా వేయించాలి. తైవాన్ 1984లో శిశువులకు ఈ టీకా మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడి పిల్లలలో కాలేయ కాన్సరు సుమారు సగానికి తగ్గింది. ఒక కాన్సరును టీకాతో ఆపవచ్చునని లోకానికి తెలిసినది అలాగే. మన దేశంలో ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుండి వచ్చే ఖరీదైన సరుకు. వరప్రసాద రెడ్డి స్థాపించిన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దేశీయంగా దానిని తయారు చేసిన తరువాత సామాన్యులకు అందే వెలకు వచ్చింది. ఇంట్లో ఒకరికి బి ఉన్నదని తేలితే మిగిలిన పెద్దలందరూ పరీక్ష చేయించుకొని, లేనివారు మూడు మోతాదుల టీకా వేయించుకోవాలి.

హెపటైటిస్ ఉన్న మనిషితో ఒకే కంచంలో తిన్నా, పక్కపక్కన పడుకున్నా, ఒకే మగ్గం మీద పని చేసినా అది అంటుకోదు. రేజరు, పళ్ల బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వారికే ఉండాలి. ఈ సంగతి తెలియకనే గది ఖాళీ చేయమనేవారు, సంబంధం తప్పించుకొనేవారు ఉన్నారు. ఆ భయంతోనే మనిషి చివరికి వైద్యుని ముందు కూడా నోరు విప్పడు.

పెద్దవాళ్లలో భాష కూడా ఒక అడ్డు. కేఈఎం, సాయన్, నాయర్ వంటి పాలికా ఆసుపత్రులలో కామెర్లు అంటే అర్థం కాకపోవచ్చు. మరాఠీలో దానిని కావీళ్ అంటారు, హిందీలో పీలియా. హెపటైటిస్ బి ని మరాఠీ కాగితాలలో కావీళ్ బ అని రాస్తారు. నడుము చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు పాత రక్త పరీక్షల కాగితాలు, రక్తదానం చేసినచోట ఇచ్చిన చీటీ, వాడుతున్న బిళ్లల అట్ట వెంట ఉంచుకోండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు కూడా తీసుకొని వెళ్లండి. మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన కిందికి మీరు వస్తారేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు. సొంత రాష్ట్రంలో ఆయుష్మాన్ భారత్ కార్డు తీసుకున్నవారు దానిని ఇక్కడి గుర్తింపు పొందిన ఆసుపత్రులలోనూ వాడుకోవచ్చు.